అక్షరాలు ఇచ్చి పదాన్ని అడిగితే

ఇచ్చిన కొన్ని అక్షరాలను తనలో ఇముడ్చుకున్న ఇంగ్లీషు పదాన్ని వెతికి పట్టుకోవడం గళ్ల నుడికట్టు పూరించేవారికీ, స్క్రాబుల్ ఆడేవారికీ, ఇంగ్లీషు మీద పట్టు సాధించాలనుకునే విద్యార్థులకూ తరచు ఎదురయ్యే పని. పైకి ఒక్కటిగా కనిపించే ఈ పనిలో నిజానికి నాలుగైదు వేరువేరు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. వాటిని ముందుగా విడదీసుకోనివారు దొరకవలసిన పదం కోసం దొరకని చోట వెతుకుతూ కాలం గడుపుతారు. విడదీసుకున్నవారికి సగం పని వెతుకులాట మొదలుకాక ముందే పూర్తవుతుంది.

"ఈ అక్షరాలు ఉన్న పదం" అన్నప్పుడు అవి చెప్పిన వరుసలోనే, మధ్యలో మరే అక్షరమూ లేకుండా ఉండాలన్నది ఒక అర్థం. డబ్ల్యూ, కే, డబ్ల్యూ అనే మూడూ ఒకదాని వెంట ఒకటి రావాలంటే 'ఆక్వర్డ్' జవాబవుతుంది. నోటికి ఎబ్బెట్టుగా తోచే ఇలాంటి ముక్కలు చాలావరకు రెండు పదాలు గానీ, ఒక పదమూ ఒక ప్రత్యయమూ గానీ అతుక్కున్న చోట పుడతాయి కాబట్టి, హెచ్ వెంటనే క్యూ వచ్చే పదాన్ని వెతికేవారు హెచ్‌తో ముగిసే పదాలను, క్యూతో మొదలయ్యే పదాలను పక్కపక్కన పెట్టి చూస్తే 'ఎర్త్‌క్వేక్' దగ్గరకు త్వరగానే చేరుకుంటారు. వరుస మాత్రం తప్పకూడదు, మధ్యలో ఇతర అక్షరాలు రావచ్చు అన్నది మరొక అర్థం. పీ, హెచ్, బీ అనే వరుసకు 'ఆల్ఫాబెట్' ఈ విధంగా సరిపోతుంది. ఇంగ్లీషులోని ఐదు అచ్చులూ వర్ణమాల వరుసలోనే వచ్చే 'ఫెసీషియస్', అవే ఐదూ సరిగ్గా తలకిందుల వరుసలో వచ్చే 'సబ్‌కాంటినెంటల్' ఈ కోవకు చెందిన ప్రసిద్ధ ఉదాహరణలు. వరుసతో నిమిత్తం లేకుండా ఐదు అచ్చులూ ఎక్కడో ఒకచోట ఉంటే చాలునన్నప్పుడు జవాబుల సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోతుంది: 'ఎడ్యుకేషన్' అందులో అందరికీ తెలిసినదైతే, ఏడు అక్షరాలలోనే ఐదు అచ్చులను ఇరికించుకున్న 'సికోయా' అనే చెట్టు పేరు అందులో పొదుపైనది.

ఇక్కడివరకు ఇచ్చిన అక్షరాలకు తోడు కొత్తవి చేర్చుకునే స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛ లేని ప్రశ్నలు వేరే జాతివి. ఇచ్చిన అక్షరాలనే వాడాలి, అన్నీ వాడనక్కర్లేదు, కానీ ఇచ్చినదాని కంటే ఎక్కువసార్లు ఏదీ వాడకూడదు అన్నది స్క్రాబుల్ నియమం. బ్రిటన్‌లోని ఛానల్ 4 టెలివిజన్‌లో 1982 నవంబరు నుంచి నడుస్తున్న 'కౌంట్‌డౌన్' కార్యక్రమంలో తొమ్మిది అక్షరాలు చూపి, వాటితో అతి పొడవైన పదాన్ని 30 సెకన్లలో అల్లమని అడిగేదీ ఇదే. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 'స్పెల్లింగ్ బీ' పేరుతో రోజూ ఇచ్చే ఏడక్షరాల పజిల్ ఈ నియమాన్ని కొంచెం సడలించి, ఒకే అక్షరాన్ని ఎన్నిసార్లయినా వాడుకోనిస్తుంది, అయితే నడిమి గడిలోని అక్షరం ప్రతి పదంలోనూ ఉండి తీరాలంటుంది. ఇచ్చిన అక్షరాలన్నీ, అవి మాత్రమే, ఒక్కటీ మిగలకుండా వాడాలన్న కఠినమైన నియమం పెడితే పుట్టేదాన్ని అనాగ్రామ్ అంటారు; అంటే ఒక పదంలోని అక్షరాలను తారుమారు చేసి మరో పదాన్ని తయారు చేయడం. 'ఎడ్యుకేషన్'లోని తొమ్మిది అక్షరాలతోనే 'ఆక్షన్డ్', 'కాషన్డ్' అనే మరో రెండు పదాలు పుడతాయి.

తెలుగు చదువరికి ఈ విద్య మొదట్లో కష్టంగా తోచడానికి బలమైన కారణం ఉంది. తెలుగు లిపిలో రాసినదే పలుకుతారు, పలికినదే రాస్తారు గనుక పదం మనసులో ధ్వనిగానే నిలుస్తుంది. అదే అలవాటుతో ఇంగ్లీషు పదాన్నీ ధ్వనిగా గుర్తుపెట్టుకున్నవారు, కే అక్షరంతో మొదలయ్యే పదం చెప్పమంటే 'కైట్', 'కింగ్' అంటారే తప్ప, కే పలకని 'నైఫ్', 'నాలెడ్జ్' వైపు వారి ఆలోచన పోదు. అక్షరాలన్నీ ఒకటే అయినా 'ఎడ్యుకేషన్'కూ, 'ఆక్షన్డ్', 'కాషన్డ్' అన్నవాటికీ చెవికి తెలిసే పోలిక పెద్దగా లేకపోవడం గమనించదగినది. అమెరికాలో తెలుగు కుటుంబాల పిల్లలు ఎంతో శ్రమకోర్చి పాల్గొనే స్పెల్లింగ్ పోటీలలో ధ్వని విని అక్షరాలు చెప్పాలి. ఈ వెతుకులాటలో అక్షరాలు చూసి, ధ్వనిని కాసేపు పక్కనపెట్టి, పదం చెప్పాలి. రెండూ భాషాజ్ఞానమే అయినా ప్రయాణించే దిశలు వేరు.

పని ఎంత పెద్దదో ఒక పదాన్ని విప్పి చూస్తే తెలుస్తుంది. తెలుగు 'పందికొక్కు' నుంచి ఇంగ్లీషులోకి చేరిందని నిఘంటువులు చెప్పే 'బాండికూట్' ఇందుకు తగినది. ఇందులోని తొమ్మిది అక్షరాలు బీ, ఏ, ఎన్, డీ, ఐ, సీ, ఓ, ఓ, టీ. తొమ్మిది వేరువేరు అక్షరాలను 3,62,880 రకాలుగా పేర్చవచ్చు. ఓ రెండుసార్లు వచ్చింది గనుక అందులో సగం, అంటే 1,81,440 పేర్పులు మిగులుతాయి. సెకనుకొకటి చొప్పున ఆగకుండా రాసుకుంటూ పోయినా రెండు పగళ్లూ రెండు రాత్రులూ చాలవు, పైగా ఇది తొమ్మిది అక్షరాలూ వాడిన పేర్పుల లెక్క మాత్రమే. వీటిలో నూటికి తొంభై తొమ్మిదికి మించి అర్థం లేని అక్షరాల కుప్పలే.

ఈ భారాన్ని ఒక్క ఊపులో దించే ఉపాయం అతి సామాన్యమైనది: పదాన్ని పేర్చి చూడడం మాని, అక్షరాలను వర్ణమాల వరుసలో సర్దాలి. 'స్టాప్', 'స్పాట్', 'పోస్ట్', 'పాట్స్', 'టాప్స్', 'ఆప్ట్స్' అనే ఆరు పదాల అక్షరాలనూ ఆ వరుసలో పెడితే ఆరింటికీ ఓ, పీ, ఎస్, టీ అనే ఒకే రూపం వస్తుంది. స్క్రాబుల్ ఆటగాళ్లు ఈ సర్దిన రూపాన్ని ఆల్ఫాగ్రామ్ అంటారు, కంప్యూటర్ శాస్త్రంలో దీనిని ఆ పదపు సంతకం అంటారు. నిఘంటువులోని ప్రతి పదానికీ సంతకం తయారు చేసి, ఒకే సంతకం గలవాటిని ఒకచోట చేర్చి పెట్టుకుంటే, ఆ తరువాత ఏ అక్షరాలు ఇచ్చినా వాటిని వర్ణమాల వరుసలో సర్ది ఆ పట్టికలో ఒక్కసారి చూస్తే చాలు. 1986లో వెలువడిన 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' అనే పుస్తకంలో జాన్ బెంట్లీ ఈ పద్ధతిని వివరించిన తరువాత ప్రోగ్రామింగ్ నేర్చుకునే ఎందరికో ఇది ఒక తొలి పాఠమయింది. అందులోని అందమంతా వరుసను చెరిపివేయడంలో ఉంది. లక్షా ఎనభై వేల పేర్పులకు కారణమైన వరుసే లేకపోయినప్పుడు వెతకవలసినది ఒక్క రూపమే మిగులుతుంది.

అన్ని అక్షరాలూ వాడనక్కర్లేని స్క్రాబుల్ ప్రశ్నకు కూడా ఈ ఉపాయం పనికివస్తుంది. 'బాండికూట్' అక్షరాలలో ఓను సున్నా, ఒకటి, రెండు సార్లు తీసుకోవచ్చు. మిగిలిన ఏడింటిలో ప్రతిదాన్నీ తీసుకోవచ్చు లేదా వదిలేయవచ్చు. కాబట్టి ఏమీ తీసుకోని సందర్భాన్ని మినహాయిస్తే మొత్తం 383 సంతకాలే వస్తాయి. లక్షలతో మొదలైన లెక్క ఇలా వందలకు దిగివస్తుంది. ఆ 383లో దాగి ఉన్నవాటిని బయటికి తీస్తే 'బొటానిక్', 'యాక్షన్', 'కేబిన్', 'బేకన్', 'టబూ' వంటివి కనిపిస్తాయి. వాటితోపాటు దొంగకు పేర్లయిన 'బాండిట్', 'డకాయిట్' రెండూ ఆ ఒక్క పందికొక్కు బొరియలోనే దొరకడం ఇలాంటి వెతుకులాట అప్పుడప్పుడూ ఇచ్చే ఆనందాలలో ఒకటి.

అక్షరాలను వర్ణమాల వరుసలో సర్ది పెట్టే ఆలోచన కంప్యూటర్లకంటే రెండున్నర శతాబ్దాలకు పైగా పాతది కావడం విశేషం. ఇంగ్లండుకు చెందిన శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ స్ప్రింగుల గురించి తాను కనుగొన్న సూత్రాన్ని వెంటనే బయటపెట్టడం ఇష్టం లేక, అయినా అది తనదేనన్న ఆధారం ఉండాలని, 1676లో దానిని చెప్పే లాటిన్ వాక్యంలోని పద్నాలుగు అక్షరాలను వర్ణమాల వరుసలో ముద్రించి, 1678లో అసలు వాక్యాన్ని ప్రకటించాడు. సాగిన మేరకే బలం ఉంటుందన్న ఆ సూత్రాన్నే నేడు పాఠశాలల్లో హుక్ నియమంగా బోధిస్తున్నారు. వాక్యం నుంచి సంతకాన్ని తయారు చేయడం ఎవరికైనా సులభం, సంతకం నుంచి వాక్యాన్ని తిరిగి రాబట్టడం మాత్రం పట్టిక లేనివారికి దాదాపు అసాధ్యం. హుక్ నమ్ముకున్నది ఈ అసమానతనే.

సంతకానికి మరో రూపం అంకగణితంలో ఉంది. ఒకటితోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ భాగింపబడని ప్రధాన సంఖ్యలను వరుసగా అక్షరాలకు కేటాయించి, ఏకు 2, బీకి 3, సీకి 5, డీకి 7, ఇలా జెడ్‌కు 101 వరకు ఇచ్చి, పదంలోని అక్షరాల సంఖ్యలను గుణిస్తే, ఒకే అక్షరాలు గల పదాలన్నింటికీ ఒకే లబ్ధం వస్తుంది. 'బ్యాడ్', 'డ్యాబ్' రెండింటికీ 42 వస్తుంది. ఒక పదపు లబ్ధం 'బాండికూట్' లబ్ధాన్ని శేషం లేకుండా భాగిస్తే ఆ పదాన్ని అందులోంచి తీయవచ్చు, భాగించకపోతే తీయలేము. రెండు డీలు కావలసిన 'యాడ్'కు 98 వస్తుంది. 'బాండికూట్'లో డీ ఒక్కటే ఉంది కాబట్టి అక్కడ భాగహారం ఆగిపోతుంది. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయగలమన్న గణిత సత్యమే దీనికి ఆధారం. పెద్ద పదాలకు లబ్ధాలు కూడా మరీ పెద్దవవుతాయి గనుక ప్రోగ్రాములు రాసేవారు తరచు అక్షరాల లెక్కనే నేరుగా పోల్చుకుంటారు, కానీ ఈ ప్రశ్న ఎటువంటిదో అర్థం చేసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన నమూనా దొరకదు.

వరుసకు ప్రాధాన్యం ఉన్న ప్రశ్నలకు మాత్రం సంతకం అక్కరకు రాదు. పదం చివరి అక్షరాలు తెలిసి మొదలు తెలియనివారి కోసం 1775లోనే జాన్ వాకర్ అనే నిఘంటుకారుడు పదాలను తుది అక్షరాల క్రమంలో పేర్చిన నిఘంటువును లండన్‌లో ప్రచురించాడు. ప్రాసలు వెతుక్కునే కవులకు అది తరతరాలపాటు ఉపయోగపడింది. 1970ల తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ వ్యవస్థ కోసం తయారు చేసిన 'గ్రెప్' అనే చిన్న ప్రోగ్రాము ఈ పనిని అన్ని దిక్కులకూ విస్తరించింది. తెలిసిన అక్షరాలను రాసి, తెలియని ప్రతి అక్షరానికీ ఒక చుక్క పెట్టి ఇస్తే, ఆ నమూనాకు సరిపోయే పదాలన్నింటినీ అది పదాల జాబితాలోంచి ఏరి చూపుతుంది. గళ్ల నుడికట్టులో సగం నిండిన వరుసను చూసే మనిషి చేసేది సరిగ్గా ఇదే. 2021లో జోష్ వార్డిల్ లోకానికి అందించిన 'వర్డిల్' ఆటలో ఈ రెండు జాతుల ప్రశ్నలూ కలిశాయి: ఆకుపచ్చ గడి అక్షరం ఉన్న చోటును చెబుతుంది, పసుపు గడి అక్షరం ఉందనీ కానీ అక్కడ లేదనీ చెబుతుంది.

స్క్రాబుల్ బల్లపై ఇప్పటికే పరిచిన పదాలకు కొత్త పదాన్ని తగిలించవలసి ఉంటుంది గనుక అక్కడ కంప్యూటరుకు కూడా వరుస తప్పదు. 1988లో ఆండ్రూ ఆపెల్, గై జాకబ్సన్ ఇందుకోసం నిఘంటువునంతటినీ ఒక దారుల వలగా మలిచారు. ఒకే విధంగా మొదలయ్యే పదాలు ఒకే దారిలో కొంతదూరం నడిచి తరువాత చీలిపోతాయి. 'ఇంగ్', 'నెస్' వంటి ఒకే ముగింపు గల పదాలు చివరలో మళ్లీ ఒకే దారిలో కలుస్తాయి. ముందుకు దారి లేదని తెలిసిన క్షణమే యంత్రం వెనుదిరుగుతుంది గనుక అర్థం లేని లక్షల పేర్పుల జోలికి అసలు పోదు.

మనిషి మెదడు ఈ పట్టికలనూ వలలనూ యథాతథంగా మోయలేదు, కానీ దానికి భాష అలవాట్లు తెలుసు. ఈ అలవాట్లను లెక్కగట్టి ఆటగా మలిచినవాడు న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన వాస్తుశిల్పి ఆల్ఫ్రెడ్ బట్స్. 1930లలోని ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయిన బట్స్ వార్తాపత్రికల పేజీలలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో ఓపికగా లెక్కించి, ఆ నిష్పత్తిలోనే పలకలు తయారు చేశాడు. ఆ ఆటకే 1948లో జేమ్స్ బ్రూనో స్క్రాబుల్ అని పేరు పెట్టాడు. నూరు పలకలలో ఈకి పన్నెండు, ఏ, ఐలకు తొమ్మిదేసి ఉండగా, క్యూకూ జెడ్‌కూ ఒక్కొక్కటే ఉంటుంది. బహువచనంలో దాదాపు ప్రతి నామవాచకానికీ తోకగా తగిలే ఎస్‌కు లెక్క ప్రకారం ఇంకా ఎక్కువే రావలసి ఉన్నా, ఆట మరీ తేలిక కాకుండా బట్స్ దానిని నాలుగుకు పరిమితం చేశాడు. అయితే పత్రికలో లెక్కించే అక్షరాలకూ నిఘంటువులో లెక్కించే అక్షరాలకూ తేడా ఉందని వెతికేవారు గుర్తుంచుకోవాలి. 'ద', 'దట్', 'హి', 'దిస్' వంటి చిన్న మాటలు వాక్యవాక్యానికీ తిరిగి వస్తాయి గనుక వార్తలలో హెచ్ విరివిగా కనిపిస్తుంది. ప్రతి పదాన్నీ ఒక్కసారే లెక్కించే నిఘంటువులో దాని వాటా బాగా తగ్గిపోతుంది.

అనుభవజ్ఞులైన ఆటగాళ్లు చేతిలోని అక్షరాలను పేర్చడం తరచు చివరి నుంచి మొదలుపెడతారు. 'ఇంగ్', 'ఈడీ', 'ఈఆర్', 'షన్' అని పలికే 'టీఐఓఎన్' వంటి తోకలు ఉన్నాయేమో చూసి వాటిని ఒక పక్కకు తీసి, 'రీ', 'అన్' వంటి ఉపసర్గలను మరో పక్కకు తీస్తే నడుమ మిగిలే మూడు నాలుగు అక్షరాల ముడి కంటిచూపుతోనే విడిపోతుంది. దీనికి తోడు వారు కొన్ని ఆరక్షరాల కాండాలను కంఠస్థం చేస్తారు. 'రెటీనా' అటువంటిది. దానికి సీ చేరిస్తే 'సర్టెన్', పీ చేరిస్తే 'పెయింటర్', ఎమ్ చేరిస్తే 'మినారెట్', డీ చేరిస్తే 'ట్రెయిన్డ్', ఎల్ చేరిస్తే 'రిలయంట్', జీ చేరిస్తే 'గ్రానైట్' పుడతాయి. చేతిలోని ఏడు పలకలనూ ఒకేసారి వాడినవారికి 50 పాయింట్లు అదనంగా వస్తాయి గనుక, ఈ ఆరింటిని చేజార్చుకోకుండా ఏడవదాని కోసం వేచి ఉండడం ఆ ఆటలో ఒక శాస్త్రంగా ఎదిగింది.

ఈ నైపుణ్యం అర్థజ్ఞానం నుంచి ఎంత దూరం విడిపోగలదో న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ చూపించాడు. ఇంగ్లీషు స్క్రాబుల్‌లో పలుమార్లు ప్రపంచ విజేతగా నిలిచిన ఆయన, ఫ్రెంచి మాట్లాడడం రాకుండానే కొద్ది వారాలపాటు ఫ్రెంచి పదాల జాబితాను కంఠస్థం చేసి 2015లో ఫ్రెంచి ప్రపంచ పోటీని గెలిచాడు. 2024లో స్పానిష్ పోటీనీ అదే విధంగా గెలిచాడు. ఇది భాషకు అవమానమని అనుకోనక్కర్లేదు. పదం ఒక అర్థానికి గుర్తుగా ఉంటూనే కంటికి కనిపించే ఒక ఆకృతిగా కూడా ఉంటుందనీ, ఆ ఆకృతిని శ్రద్ధగా చదివినవారికి అదే ఒక ప్రపంచంగా తెరుచుకుంటుందనీ ఆయన విజయం రుజువు చేస్తున్నది.

ఎంత వెతికినా దొరికేది చేతిలోని జాబితాలో ఉన్నదే గనుక, ఏ జాబితాలో వెతుకుతున్నారన్నది చిన్న విషయం కాదు. ఉత్తర అమెరికా వెలుపలి స్క్రాబుల్ పోటీలలో ఎక్కువగా ప్రామాణికంగా వాడే కాలిన్స్ జాబితాలో దాదాపు 2 లక్షల 80 వేల పదరూపాలు ఉన్నాయి. ఉత్తర అమెరికా జాబితా దానికంటే చిన్నది. యూ తోడు లేకుండానే క్యూను నిలబెట్టే 'చీ', 'ఫకీర్' వంటి అరువు మాటలకు, భారతదేశం నుంచి వెళ్లిన 'లాఖ్', 'క్రోర్', 'దోసా' వంటివాటికి వాటిలో చోటు ఉంది. నుడికట్టు కూర్చేవారికి గానీ విద్యార్థికి గానీ ఇంత పెద్ద జాబితా మేలుకంటే కీడే చేస్తుంది. ఎవరూ వాడని రూపాలు వందల కొద్దీ వచ్చిపడి, కావలసిన ఒక్క పదం వాటి అడుగున పడిపోతుంది. అందుకే వర్డిల్ ఆటలో ఊహకు అంగీకరించే జాబితా పెద్దదైనా, జవాబులకు సుమారు 2,300 పరిచిత పదాలనే ఎంచుకున్నారు.

ఇదే పద్ధతిని తెలుగు పదాలకు వర్తింపజేయాలనుకునే ప్రోగ్రామర్లకు మొదటి అడుగులోనే ఒక చిక్కు ఎదురవుతుంది. 'కలప', 'పలక' అన్నవి ఇంగ్లీషు పద్ధతిలోనే ఒకదానికొకటి తారుమారు రూపాలు, వాటితో ఇబ్బంది లేదు. కానీ కంప్యూటరు తెలుగును యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణం ప్రకారం దాచుకునేటప్పుడు హల్లునూ దాని గుణింతపు గుర్తునూ వేరువేరు సంకేతాలుగా రాసుకుంటుంది. అందువల్ల 'రాజు' అన్న పదం రకారం, ఆకారపు దీర్ఘం, జకారం, ఉకారపు కొమ్ము అనే నాలుగు ముక్కలవుతుంది; వాటిని సర్ది సంతకం చేస్తే 'జారు' అన్న పదానికీ సరిగ్గా అదే సంతకం వస్తుంది. 'కాలు', 'లాకు' అన్నవాటికీ ఇదే గతి. తెలుగు పాఠకుడి లెక్కలో 'రా', 'జు' అనే రెండు అక్షరాలకూ 'జా', 'రు' అనే రెండు అక్షరాలకూ ఉమ్మడి ఏదీ లేదు. ఒత్తుల విషయంలో తికమక ఇంకా ఎక్కువ, ఎందుకంటే రెండు హల్లులను కలిపే గుర్తు సర్దుబాటులో తన చోటు వదిలి ఎటో పోతుంది. గడికి ఒక పూర్తి అక్షరం చొప్పున నింపే తెలుగు నుడికట్టు సంప్రదాయం ఈ ప్రశ్నకు కంప్యూటర్లు రాకముందే జవాబు చెప్పింది కాబట్టి, సంతకం తయారు చేసే ముందు పదాన్ని గుణింతాలతో, ఒత్తులతో సహా పూర్తి అక్షరాలుగా విడగొట్టి, ఆ అక్షరాలనే అకారాది క్రమంలో సర్దే ప్రోగ్రాము మాత్రమే తెలుగుకు సరిపడుతుంది.